ప్రొఫెషనల్ బాక్సింగ్‌లోకి దిగబోతున్న శిష్యుడికి

చిరంజీవికి,

ఆశీస్సులు. ప్రొఫెషనల్ బాక్సింగ్‌లోకి దిగాలని నిశ్చయించుకున్నట్లు నువ్వు రాసిన ఉత్తరం అందింది. వద్దని చెప్పను. అయితే ఏ ఒప్పందం మీదైనా సంతకం చేసే ముందు వేల్స్‌కు చెందిన బాక్సర్ జో కాల్జాగీ ప్రస్థానాన్ని మొదటినుంచి చివరిదాకా ఒకసారి పరిశీలించు. 46 పోటీల్లో ఒక్కటీ ఓడకుండా 2009లో విరమించుకున్నాడని కాదు. రింగ్ బయట తీసుకున్న నిర్ణయాలు లోపలి ఫలితాన్ని ఎలా మలుస్తాయో అతని విషయంలో స్పష్టంగా కనిపిస్తుంది కాబట్టి చెబుతున్నాను.

అతను పెరిగింది దక్షిణ వేల్స్‌లోని న్యూబ్రిడ్జ్ అనే చిన్న ఊళ్లో. శిక్షణ ఇచ్చిన తండ్రి ఎంజో ఇటలీ ద్వీపమైన సార్డీనియా మూలాలున్న సంగీతకారుడే తప్ప బాక్సర్ కాడు. పేరున్న కోచ్‌ను చూసుకోమన్నవాళ్లు ఉన్నా, జో ఆఖరి పోటీ వరకూ తండ్రినే కార్నర్‌లో ఉంచుకున్నాడు. నువ్వు కూడా పేరు చూసి కాకుండా, రెండు రౌండ్ల మధ్య దొరికే ఒక్క నిమిషంలో ఎవరి మాట నీ చెవికెక్కుతుందో చూసి కోచ్‌ను ఎంచుకో. 2006 మార్చిలో అమెరికన్ ఛాంపియన్ జెఫ్ లేసీతో మాంచెస్టర్‌లో తలపడాల్సి ఉండగా, చేతి గాయం వల్ల జో తప్పుకోబోతే, ఆడి తీరాలని ఒప్పించినవాడు ఆ తండ్రే. నిపుణులు చాలామంది లేసీ వైపే మొగ్గినా, 12 రౌండ్ల పాటు లేసీకి ఊపిరి తీసుకునే సందు ఇవ్వకుండా జో గెలిచాడు. (గాయం ఉంటే నేను మాత్రం నిన్ను రింగ్ ఎక్కనివ్వను, అది వేరే సంగతి.)

జో చేతులు తరచూ దెబ్బతినేవి కాబట్టి ఒక్క బలమైన పంచ్‌ను నమ్ముకోకుండా, వేగంగా, ఎడతెరిపి లేకుండా కొట్టేవాడు; అరచేత్తో చరుస్తున్నాడని ఎగతాళి చేసినవాళ్లూ లేకపోలేదు. 2008 ఏప్రిల్‌లో లాస్ వేగాస్‌లో బెర్నార్డ్ హాప్కిన్స్‌తో జరిగిన పోటీని రెండుసార్లైనా చూడు. జో మొదటి రౌండ్‌లోనే కింద పడ్డాడు. లేచాక కంగారుగా మీదపడకుండా, రౌండ్ రౌండ్‌కూ ప్రత్యర్థి లయను అందుకుని, పంచ్‌లు పెంచుకుంటూ పోయి, ముగ్గురు జడ్జీల్లో ఇద్దరి తీర్పుతో గెలిచాడు. అదే ఏడాది నవంబర్‌లో న్యూయార్క్‌లో రాయ్ జోన్స్ మీద కూడా మొదటి రౌండ్‌లో పడి లేచే గెలిచాడు.

నాకు నచ్చనిది ఒకటుంది. 1997లో క్రిస్ యూబ్యాంక్‌ను ఓడించి సూపర్ మిడిల్‌వెయిట్ అనే బరువు విభాగంలో డబ్ల్యూబీవో (ప్రపంచ టైటిళ్లు ఇచ్చే సంస్థల్లో ఒకటి) బెల్ట్, అంటే టైటిల్, గెలిచినవాడికి, లేసీ వంటి పోటీ దొరకడానికి ఎనిమిదేళ్లకు పైగా పట్టింది. కార్డిఫ్‌లో 50 వేల మందికి పైగా ప్రేక్షకుల ముందు మికెల్ కెస్లర్‌ను ఓడించి మరో రెండు బెల్టులు కలుపుకున్నది 2007లో, అప్పటికే 35 ఏళ్ల వయసులో. అమెరికాలో ఆడింది చివరి రెండు పోటీలే. కాబట్టి నీ ఒప్పందంలో ఎన్నేళ్లు కట్టుబడాలో, ప్రత్యర్థిని కాదనే హక్కు నీకుందో లేదో, గాయపడితే వైద్యం ఖర్చు ఎవరిదో విడివిడిగా రాయించుకో. కాగితాలు చేతికి రాగానే, సంతకం చేయకుండా, ముందు నాకు పంపించు.

ఇట్లు,
నీ పాత కోచ్