బ్యాంకులో వేయని చెక్కుల డబ్బు మీ ఆదాయం కాదు

ప్రశ్న: డాలస్ దగ్గర మాకు చిన్న రెస్టారెంట్, కేటరింగ్ వ్యాపారం ఉంది. కంపెనీ టెక్సస్‌లోనే రిజిస్టరైంది. కోవిడ్‌లో ఇంటి మీద అప్పు తెచ్చి దాన్ని నిలబెట్టుకున్నాం. పని మానేసి వెళ్లిన ముగ్గురు వంటవాళ్లు చివరి జీతం చెక్కులు బ్యాంకులో వేసుకోలేదు. రద్దయిన ఒక సీమంతం ఆర్డరుకు తిరిగి పంపిన 600 డాలర్ల అడ్వాన్సు చెక్కూ అలాగే ఉండిపోయింది. అన్నీ 2021, 2022 నాటివి. ఆరు నెలలు దాటితే చెక్కు చెల్లదు, ఆ మొత్తాన్ని ‘ఇతర ఆదాయం’గా రాసుకోమని మా అకౌంటెంట్ అంటున్నారు. షాపు మారినప్పుడు పాత కాగితాలు కొన్ని పారేశాం. ఇప్పుడు రాష్ట్ర ఖజానా లెక్కలు చూసే కంప్ట్రోలర్ ఆఫీసు నుంచి ఇలాంటి డబ్బు గురించి ఉత్తరం వచ్చింది. మేం ఎవర్నీ మోసం చేయలేదు. చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: మీ అప్పులు, మీ నిజాయితీ ఈ వ్యవహారాన్ని తేల్చవు. హక్కుదారు తీసుకోని డబ్బును వ్యాపారాలు రాష్ట్రానికి రిపోర్టు చేసి అప్పగించాలన్నది చట్టం. ఏటా లెక్క చూసే మార్చి 1 నాటికి మీ లెక్కల్లో అలాంటి పరాయివాళ్ల డబ్బు ఉందా లేదా అన్నదే తేలుస్తుంది. మీరు చెప్పినదాన్ని బట్టి ఉంది.

చెక్కు వేరు, బాకీ వేరు. ఆరు నెలలు దాటిన చెక్కుకు డబ్బివ్వాల్సిన బాధ్యత బ్యాంకుకు ఉండదు. అంతమాత్రాన వంటవాడి జీతం మాఫీ అయిపోదు. దావా వేసే గడువు కూడా దాటింది కదా అని రేపు మీ అకౌంటెంటే అనొచ్చు. టెక్సస్ ప్రాపర్టీ కోడ్ 74.308 సెక్షన్ ఆ దారి ఎప్పుడో మూసేసింది: దావా గడువు (లిమిటేషన్) తీరిపోయినా, రిపోర్టు చేయాల్సిన బాధ్యత తీరదు. జీతాలకైతే ఏడాది, ఇలాంటి అడ్వాన్సులకు మూడేళ్లు గడిస్తే చాలు, అది హక్కుదారు వదిలేసిన డబ్బుగా లెక్క. మార్చి 1 నాటికి ఆ గడువు నిండినవన్నీ జూలై 1 లోపు డబ్బుతో సహా కంప్ట్రోలర్‌కు అప్పగించాలి.

ఆ ‘ఇతర ఆదాయం’ ఎంట్రీ మాత్రం పొరపాటున కూడా వేయకండి. ఆడిటర్లు మొదట వెతికేది సరిగ్గా అలాంటి ఎంట్రీలనే. చెక్కును పాత తేదీతో రద్దు చేసినట్టు చూపించడం అంతకంటే ప్రమాదం. ఇప్పటికి ఇది ఆలస్యం మాత్రమే, ఆ పని చేస్తే దాచిపెట్టినట్టు అవుతుంది. ఆలస్యానికే 5 శాతం పెనాల్టీ ఉంది. 30 రోజులు దాటితే ఇంకో 5 శాతం, పైగా ఏడాదికి 10 శాతం వడ్డీ.

ఇక కాగితాలు పారేయడం. జీతాలిచ్చే వ్యాపారం నడుపుతూ అంత నిర్లక్ష్యం ఏమిటండీ? ఈ రికార్డులు పదేళ్లు ఉంచాలని చట్టమే చెబుతోంది. ఆ మూడు చెక్కుల్లో ఒకదానికి బదులు మీరు క్యాష్ ఇచ్చి ఉండొచ్చు, లేదా కొత్త చెక్కు రాసి ఉండొచ్చు. అలాగైతే అది బాకీయే కాదు. కానీ నిరూపించాల్సింది మీరు. బ్యాంకు నుంచి 2021, 2022 స్టేట్‌మెంట్లు, పేరోల్ కంపెనీ నుంచి పే స్టబ్‌లు (జీతం స్లిప్పులు) ఈ వారమే తెప్పించుకోండి. వాట్సాప్‌లో ‘డబ్బు అందింది అన్నా’ అన్న మెసేజ్ ఉన్నా సరే, డిలీట్ చేయకుండా దాచండి.

తర్వాత చిరునామాలు చూడండి. 1965లో టెక్సస్, న్యూజెర్సీ మధ్య కేసులో అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది ఇదే: మీ రికార్డుల్లో హక్కుదారు చివరి చిరునామా ఏ రాష్ట్రంలో ఉంటే, ఆ రాష్ట్రానికే ముందు హక్కు. వంటవాళ్లలో ఎవరిదైనా న్యూజెర్సీ చిరునామా ఉంటే ఆ రిపోర్టు అక్కడికి వెళ్లాలి. చిరునామా అసలు లేకపోతే మీ కంపెనీ రిజిస్టరైన టెక్సస్‌కే వస్తుంది.

అన్నిటికంటే మంచి దారి, మనుషుల్ని పట్టుకుని ఇచ్చేయడం. మన వంటవాళ్ల ఆచూకీ ఇంకో హోటల్లో అడిగితే తెలుస్తుంది. దొరికినవాళ్లకు కొత్త చెక్కు ఇచ్చి సంతకం తీసుకోండి. 250 డాలర్లు దాటిన ప్రతి మొత్తానికీ, అసలైతే రిపోర్టుకు ముందు మే 1 లోపే ఆఖరి చిరునామాకు ఉత్తరం పంపాలి. ఆలస్యమైనా పంపి, కాపీ ఉంచుకోండి. దొరకనివాళ్ల డబ్బు రిపోర్టుతో పాటు కట్టేయండి. నిజాయితీగా అప్పగించాక ఆ బాకీ బాధ్యత మీ మీద ఉండదు, వాళ్లు ఎప్పుడొచ్చినా కంప్ట్రోలర్ దగ్గర తీసుకుంటారు.

కంప్ట్రోలర్ ఉత్తరానికి అందులోని తేదీ లోపే జవాబు రాయండి. పెనాల్టీ, వడ్డీ మినహాయించమని అదే జవాబులో అడగండి. మంచి ఉద్దేశంతో ప్రయత్నించినవాళ్లకు ఆ మినహాయింపు ఇచ్చే అధికారం వాళ్లకుంది. ఆ జవాబు అకౌంటెంట్‌తో కాకుండా, ఉత్తరం చూసిన స్థానిక అటార్నీతో రాయించండి.