వడ్డీ మాఫీ కోసం ఇంటి పన్ను ఆపుకోవచ్చా?

ప్రశ్న: కడప ఎర్రముక్కపల్లెలో మా ఇల్లు నెలకు 9,000కు అద్దెకిచ్చి, మేం ప్రొద్దుటూరులో ఉంటున్నాం. ఇంటి పన్ను ఏడాదికి 8,000. కాలువ తీయరు, మనమెందుకు కట్టాలని మూడేళ్లుగా కట్టలేదు. డబ్బు ఎఫ్‌డీలో ఉంది. వడ్డీ మాఫీ ఇచ్చినప్పుడు కడితే చాలదా? – ఒక పాఠకురాలు

జవాబు: ఆగొద్దమ్మా, ఈ వారమే కట్టేయండి. బకాయి మీద నెలకు నూటికి రెండు రూపాయల వడ్డీ పడుతోంది. ఆరు నెలల పన్ను 4,000 ఒక్కటి తీసుకోండి. నెలకు 80 చొప్పున మూడేళ్లకు 2,880. అదే 4,000 ఏడు శాతం ఎఫ్‌డీలో ఉంటే మూడేళ్లకు వచ్చే వడ్డీ వెయ్యి కూడా దాటదు. మాఫీ ఎప్పుడిస్తారో, ఎంత ఇస్తారో మన చేతిలో లేదు. 2025 మార్చిలో ప్రభుత్వం తగ్గించింది సగం వడ్డీనే.

మీకు తెలియని లాభం ఒకటుంది. అద్దె ఇంటికి ఆ ఏడాది నిజంగా కట్టిన పన్నును, పాత బకాయితో సహా, అద్దెలోంచి తీసేసి చూపొచ్చు. మీ ఏడాది అద్దె 1,08,000లో మూడేళ్ల పన్ను 24,000 పోతే 84,000. అందులో మళ్లీ 30 శాతం మినహాయింపు పోగా ఆదాయపు పన్ను లెక్కకు వచ్చేది 58,800. కట్టకపోతే అది 75,600. రసీదులు దాచుకోండి.

కాలువ విషయంలో మీ కోపం న్యాయమే. కానీ కార్పొరేషన్ సొంత రాబడిలో ముఖ్యమైనది ఇంటి పన్నే. ఇంటి పన్ను వసూళ్లు రాష్ట్ర స్థూల ఉత్పత్తి పెరుగుదలకు దీటుగా పెరిగితేనే నగరాలకు గ్రాంటు అని, కేంద్రం నిధుల పంపకం తేల్చే 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి షరతు కూడా పెట్టింది. అంటే మనం ఆపిన 8,000తో పాటు ఢిల్లీ నుంచి రావాల్సిందీ చిక్కులో పడేది. ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు అని చాలామందికి తెలియదు. పోటీ పరీక్షల పిల్లలు చదువుకునే జిల్లా లైబ్రరీకి వెళ్లాల్సిన డబ్బు అది. ఈ సంగతులు వీధి వీధికీ చెప్పాల్సింది కార్పొరేషనే, మార్చి నెలాఖరులో నోటీసులు పంచితే సరిపోదు.

ఇంటి పన్ను బిల్లు మీద ఉండే అసెస్‌మెంట్ నంబరుతో ఆన్‌లైన్‌లో బకాయి చూసుకుని కట్టండి. తర్వాత ఆ రసీదు జతచేసి వార్డు సచివాలయంలో కాలువ గురించి అర్జీ ఇచ్చి, అర్జీ నంబరు అడిగి తీసుకోండి. వచ్చే ఏడాది పన్ను మొత్తం ఏప్రిల్ 30లోపు కడితే 5 శాతం, అంటే 400 రూపాయలు తగ్గుతుంది.