సగం బోలు గిటారు మీద నిండా ప్రశ్నలు

గత సంచికలో ఐబనెజ్ ఆర్ట్‌కోర్ ఏఎస్73 గురించి నాలుగు మాటలు రాశాను. తక్కువ ధర సెమీ హాలో (సగం బోలు) ఎలక్ట్రిక్ గిటార్లలో నా మరమ్మతు బల్ల మీదికి తరచుగా వచ్చేది అదే. "కొనవచ్చు, కానీ సెటప్ ఖర్చు పక్కన పెట్టుకోండి" అన్నది ఆ నాలుగు మాటల సారాంశం. సెటప్ అంటే కొత్త గిటారును పనివాడి చేత వాయించడానికి వీలుగా సరిచేయించడం. దానికి ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. ఒకే ప్రశ్న పలువురు అడిగినచోట ఒక ఉత్తరమే తీసుకున్నాను.

ప్రశ్న: నా దగ్గర 45 వేల రూపాయలు ఉన్నాయి. బ్లూస్, కొద్దిగా జాజ్ నేర్చుకుంటున్నాను. ఏఎస్73 కొన్నవాళ్లలో కొందరు "ఈ ధరకు ఇంతకన్నా ఏం కావాలి" అంటున్నారు. ఇంకొందరు "పెట్టెలోంచి తీసి వాయించబోతే చిరాకు పుట్టింది" అంటున్నారు. ఎవరి మాట నమ్మాలి? – ఒక విద్యార్థి, విశాఖపట్నం

జవాబు: ఇద్దరి మాటా నమ్మండి. ఇద్దరూ చూసింది ఒకే గిటారును, కాకపోతే ఒకరు సెటప్ చేయించాక చూశారు, మరొకరు చేయించకముందు చూశారు.

ఈ జాతి గిటార్లన్నిటికీ మూలం 1958లో గిబ్సన్ సంస్థ తెచ్చిన ఈఎస్-335. అప్పుడు ఆ సంస్థ అధ్యక్షుడు టెడ్ మెకార్టీ. పలుచటి బోలు పెట్టె, దాని నడిమధ్య ఈ చివర నుంచి ఆ చివర దాకా గట్టి కొయ్య దిమ్మ. ఆ అమరికనే జపాన్ సంస్థ ఐబనెజ్ 2002లో మొదలైన ఆర్ట్‌కోర్ వరుసలో, చైనాలో తయారు చేయించి అందరికీ అందే ధరకు దింపింది. అసలు గిబ్సన్ కొనాలంటే మూడు లక్షల పైమాటే. మరి ఇంత తేడా ఎక్కడ మిగిలింది? పెట్టెలో అనుకుంటారు చాలామంది. నేను చూసినంతవరకు పెట్టె, మెడ రెండూ శుభ్రంగానే ఉంటాయి, ఎందుకంటే ఆ పని యంత్రాలది. పొదుపు చేసేది మనిషి చేతిపనిలో. నట్ (మెడ పైకొసన తీగలు ఆనే చిన్న పట్టీ) గాళ్లు ఆకురాయితో సరైన లోతుకు దించడం, ఫ్రెట్ల (మెడ మీది లోహపు మెట్ల) అంచులు నున్నగా చేయడం, తీగల ఎత్తు చూడడం, ఇవన్నీ ఓపికతో చేయాల్సిన పనులు. తక్కువ ధర గిటారు మీద అంత సేపు ఎవరూ కూర్చోరు.

నా దగ్గర సెటప్ చేయించుకుని వెళ్లినవాళ్లు ఏమంటారో చెబుతాను. జాజ్ నేర్చుకునే కుర్రాడు మెడ వైపు పికప్ (తీగ కదలికను పట్టి స్పీకర్‌కు పంపే భాగం) పెట్టి, టోన్ సగానికి తగ్గించి వాయిస్తే ధర సంగతే మరిచిపోతున్నానన్నాడు. పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో వాయించే ఒకాయన రిథమ్‌కు దీన్ని మించింది లేదంటాడు కానీ, డిస్టార్షన్ (మోతను కావాలని గరుకుగా చేయడం) బాగా పెంచితే స్వరాలు ఒకదానిలో ఒకటి కలిసిపోతున్నాయని పెదవి విరుస్తాడు. ఆయన అన్నదీ నిజమే. భారీ మెటల్ వాయించేవాళ్లు ఈ గిటారు జోలికి పోనవసరం లేదు. మీది బ్లూస్ కనుక కొనండి. 45 వేలూ గిటారుకే పెట్టేయకుండా రెండు మూడు వేలు సెటప్‌కు మిగుల్చుకోండి.

ప్రశ్న: మా ఊరి పక్క గొల్లపల్లిలో వీణను ఒకే పనస దుంగలోంచి తొలుస్తారు. మీరు చెప్పిన గిటారు ప్లైవుడ్ అట కదా! ప్లైవుడ్ పెట్టెకు ఇంత డబ్బు పోయడం తెలివైన పనేనా? – పాఠకుడు, బొబ్బిలి

జవాబు: బొబ్బిలి వారు కాకపోతే ఈ ప్రశ్న ఇంకెవరు అడుగుతారు! మీ ఉత్తరం చదివి చాలాసేపు నవ్వుకున్నాను. అవును, అది పొరలు అతికించిన చెక్కే. కానీ ఆ మూడు లక్షల గిబ్సన్ కూడా 1958 నుంచి పొరల చెక్కే. పైన మేపుల్, మధ్యలో పాప్లర్, అడుగున మళ్లీ మేపుల్. ఆ మూడూ కలిపి అచ్చులో నొక్కితే ఆ గుమ్మటం వంపు వస్తుంది. ఇప్పటి ఏఎస్73లో మేపుల్‌కు బదులు లిండెన్ చెక్క వాడుతున్నారు, ఆ మేరకు ఖర్చు తగ్గింది.

అసలు సంగతి వేరే ఉంది. వీణ కుండ ఎంత స్వేచ్ఛగా కంపిస్తే నాదం అంత గొప్పగా వస్తుంది, ఎందుకంటే అక్కడ చెవికి చేరేది కొయ్య మోత. ఎలక్ట్రిక్ గిటారులో పికప్ పట్టుకునేది ఉక్కు తీగ కదలికను. పెట్టె మరీ ఎక్కువగా కంపిస్తే యాంప్ (శబ్దం పెంచే స్పీకర్ పెట్టె) ముందు అది కూత పెడుతుంది. పొరల చెక్క బిగువుగా ఉండి ఆ కంపాన్ని అదుపులో ఉంచుతుంది. నడిమి దిమ్మ ఉన్నది కూడా అందుకే.

ఆ దిమ్మకు ముందు ఇంకో కథ ఉంది. 1940 ప్రాంతంలో గిటారు వాద్యకారుడు లెస్ పాల్ న్యూయార్క్‌లోని ఎపిఫోన్ కార్ఖానాలో ఒక పైన్ దూలానికి మెడ, పికప్‌లు బిగించి వాయించాడు. మోత బాగానే ఉన్నా, దూలం వాయించే మనిషిని జనం పెద్దగా పట్టించుకోలేదట. దాంతో ఒక బోలు గిటారును నిలువునా కోసి ఆ రెండు చెక్కలనూ దూలానికి అటూ ఇటూ రెక్కల్లా తగిలించాడు. ఆ రెక్కలు చూపుకోసమే. ఈఎస్-335కు వచ్చేసరికి ఆ రెక్కలకూ పని దొరికింది. దుంగకు ఉండే నిలకడ, గాలికి ఉండే మెత్తదనం రెండూ తోడయ్యాయి.

ప్రశ్న: చర్చిలో ఆరాధన పాటలకు సెమీ హాలో వాయిస్తాను. శబ్దం పెంచితే చాలు, గుమ్మని మూలుగుతుంది. గిటారు మార్చాలా? – ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: మార్చకండి. ముందుగా అది ఎలాంటి మోతో చెవి పెట్టి వినండి. మీరు రాసినట్టు గుమ్మని మూలిగితే అది పెట్టె పని. స్పీకర్ శబ్దం పెట్టెను కదిలిస్తుంది, పెట్టె తీగను కదిలిస్తుంది, పికప్ దాన్ని మళ్లీ స్పీకర్‌కు పంపుతుంది. అలా కాక కీచుమంటే అది పికప్ లోపం, దానికి వైద్యం వేరు.

చర్చిలో సాధారణంగా వెనక యాంప్, కాళ్ల ముందు మానిటర్ (వాయించేవాళ్లకు వినిపించే స్పీకర్) ఉంటాయి, మీరు మధ్యలో ఇరుక్కుంటారు. గిటారు ముఖం ఏ స్పీకర్‌కూ ఎదురుగా లేకుండా ఒక అడుగు పక్కకు జరిగి, కొద్దిగా తిరిగి నిలబడండి. చాలాసార్లు ఇంతటితోనే మూలుగు ఆగిపోతుంది. ఆగకపోతే యాంప్‌లో బాస్ తగ్గించండి. ప్రార్థన జరుగుతున్నప్పుడు గిటారు వాల్యూమ్ పూర్తిగా దించి, అరచేయి తీగల మీద ఆనించి ఉంచండి. అప్పటికీ లొంగకపోతే మెత్తటి ఫోమ్ ముక్కను ఎఫ్ ఆకారపు రంధ్రాల కొలతకు కోసి పెట్టండి. రంధ్రం మూయడం కొత్త ఉపాయమేమీ కాదు. బ్లూస్ గిటారు వాద్యకారుడు బీబీ కింగ్ పేరు మీద 1980లో గిబ్సన్ తెచ్చిన లూసిల్ నమూనాకు అసలు ఆ రంధ్రాలే పెట్టలేదు, ఈ కూతను ఆపడానికే.

ప్రశ్న: మూడో తీగ (జి) ఎంత శ్రుతి చేసినా రెండు పాటలకే దిగిపోతుంది. బిరడాలు మార్చమని షాపువాళ్లు అంటున్నారు. – పాఠకుడు, హైదరాబాద్

జవాబు: బిరడాల మీద పడే నిందల్లో చాలాభాగం నట్‌దే. చెయ్యి పెట్టి చూడండి. శ్రుతి చేసి, జి తీగను ఒకసారి బాగా సాగదీసి వదలండి. శ్రుతి దిగిందా? ఇప్పుడు నట్‌కూ బిరడాకూ మధ్య ఉన్న తీగ ముక్కను వేలితో ఒకసారి నొక్కండి. శ్రుతి తిరిగి పైకి వస్తే దొంగ దొరికినట్టే. తీగ నట్ గాడిలో ఇరుక్కుని వెనక్కి జారడం లేదు. ఇటు మూడు, అటు మూడు బిరడాలున్న తలకట్టులో మధ్య తీగలు రెండూ నట్ దాటగానే పక్కకు వంగి పోతాయి, అందుకే అక్కడ రాపిడి ఎక్కువ. శ్రుతి చేసేటప్పుడు "టిక్" మని వినిపించేది కూడా ఈ ఇరుకే.

తీగ వదులు చేసి పక్కకు తీయండి. మెత్తటి పెన్సిల్ మొనను గాడిలో రుద్ది, ఆ నల్లపొడి అంటుకున్నాక తీగను తిరిగి కూర్చోబెట్టండి. రెండు రూపాయల వైద్యం. తీగ బిరడా చుట్టూ రెండు మూడు చుట్లకు మించకుండా చూసుకోండి.

ఇంకో పరీక్ష కూడా చేయండి. మూడో ఫ్రెట్ దగ్గర తీగను నొక్కి పట్టి, మొదటి ఫ్రెట్ మీద చూడండి. తీగ కింద వెంట్రుకవాసి సందు ఉండాలి. అక్కడ విజిటింగ్ కార్డు దూరితే గాడి ఎత్తుగా ఉన్నట్టు. అలాంటి గిటారులో మొదటి మూడు ఫ్రెట్ల దగ్గర పలు తీగలు కలిపి వాయించే స్వర సమూహాలన్నీ (కార్డ్స్) అపశ్రుతి పలుకుతాయి, మీరేమో చెవిని అనుమానిస్తూ కూర్చుంటారు. ఆ గాడిని మాత్రం మీరు అరగదీయవద్దు. తీగ మందానికి తగ్గ ఆకురాయి కావాలి, ఒక్క రుద్దు ఎక్కువైతే కొత్త నట్ వేయాల్సిందే. పనివాడికి ఇవ్వండి. పనిలో పనిగా మెడ వంపు కూడా చూడమనండి. మీ ఊరి ఎండకు మెడ ఒక తీరుగా, వానకు మరో తీరుగా ఉంటుంది.

ప్రశ్న: ఎపిఫోన్ కాసినో కూడా చూడడానికి ఇలాగే ఉంది. బీటిల్స్ వాయించింది అదే కదా! రెండూ ఒకటేనా? – పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: చూపుకు కవలలు, లోపల కాదు. కాసినోలో నడిమి దిమ్మ లేదు, అది పూర్తి బోలు. పికప్‌లు కూడా ఏఎస్73లో ఉండే రెండు చుట్ల హమ్‌బకర్లు కావు, ఒకే చుట్ట ఉండే పీ-90లు. 1966 పర్యటనలో జాన్ లెనన్, జార్జ్ హారిసన్ చేతుల్లో ఉన్నవి కాసినోలే. మోతలో గరగర, చురుకు ఎక్కువ. కూత కూడా తొందరగా పెడుతుంది. ఐబనెజ్‌లోనే ఈ తికమక ఉంది. ఏఎఫ్ అంటే పూర్తి బోలు, ఏఎస్ అంటే దిమ్మ ఉన్నది. అక్షరం మీద నమ్మకం లేకపోతే ఫోను లైటు ఎఫ్ రంధ్రంలోకి వేసి లోపలి వైపు చూడండి. కొయ్య గోడ కనిపిస్తే దిమ్మ ఉన్నట్టు, అవతలి రంధ్రం నుంచి వెలుగు బయటికి వస్తే లేనట్టు.

ప్రశ్న: ఇక్కడ 300 డాలర్లకు వాడిన ఏఎస్73 దొరికింది. తీసుకున్నాను. కేబుల్ కదిలిస్తే శబ్దం పోతూ వస్తూ ఉంది. ఈ గిటారుకు వెనక మూతే లేదు, లోపలికి వెళ్లేదెలా? – పాఠకుడు, డాలస్

జవాబు: ఈ జాతి గిటార్లతో నాకున్న ప్రేమ, కోపం రెండూ అక్కడే మొదలవుతాయి. జాక్ (కేబుల్ గుచ్చే చోటు), వాల్యూమ్, టోన్ అన్నీ ఎఫ్ రంధ్రంలోంచి లోపలికి దింపినవే, బయటికి రావాల్సిందీ అందులోంచే.

మొదట జాక్‌ను బయటి నుంచి బిగించే లోహపు నట్టు (తీగలు ఆనే నట్ కాదు) వదులైందేమో చూడండి. సాధారణంగా అదే. వేళ్లతో తిప్పితే జాక్ మొత్తం తిరిగి లోపలి తీగలు మెలిపడి తెగుతాయి. పాత కేబుల్ ప్లగ్ అందులో పెట్టి, కొంచెం పక్కకు ఒత్తి కదలకుండా పట్టుకుని, స్పానర్‌తో నట్టు మాత్రమే బిగించండి.

అప్పటికీ శబ్దం పోతుంటే టంకం ఊడింది. గట్టి నూలు దారం తీసుకుని జాక్ రంధ్రంలోంచి లోపలికి తోసి, రెండో కొసను ఎఫ్ రంధ్రంలోంచి చిమటాతో బయటికి లాగి పెద్ద ముడి వేయండి. ముడి జాక్‌కు అడుగున అడ్డం పడాలి. ఇప్పుడు నట్టు విప్పి జాక్‌ను లోపలికి వదిలేసి, ఎఫ్ రంధ్రం దగ్గరకు లాక్కుని టంకం పెట్టండి. కింద గుడ్డ పరవడం మరవకండి, ఒక్క బొట్టు సీసం చాలు, రంగు పాడుచేయడానికి. పని అయ్యాక బయటి నుంచి దారం లాగితే జాక్ దానంతట అదే తన రంధ్రంలోకి వచ్చి కూర్చుంటుంది. దారాన్ని పట్టి ఉంచి వాషర్, నట్టు దానిమీదుగా జార్చి బిగించాకే ముడి కోయండి. దారం లేకుండా జాక్ లోపల పడేసుకున్నవాళ్లు గిటారును తలకిందులు చేసి ఊపడం చాలాసార్లు చూశాను. చూడముచ్చటగా ఉండదు.

వాల్యూమ్ తిప్పినప్పుడు వచ్చే గరగరకు ఎలక్ట్రానిక్ కాంటాక్ట్ క్లీనరే వాడండి, తుప్పు వదిలించే మామూలు స్ప్రే వద్దు.

ప్రశ్న: మెడ వైపు పికప్ మోత చెవుల్లో దూది పెట్టుకుని విన్నట్టుంది. మంచి పికప్‌లు వేయించనా? – పాఠకుడు, వరంగల్

జవాబు: డబ్బు తీయకముందు స్క్రూడ్రైవర్ తీయండి. పికప్ రెండు పక్కలా ఉన్న మరలు తిప్పి, మందపు తీగల వైపు కొంచెం కిందికి దించండి. తీగకు మరీ దగ్గరగా ఉన్న పికప్ మసకగానే పలుకుతుంది. తీగలు మార్చి ఎన్నాళ్లయిందో కూడా గుర్తు చేసుకోండి. పికప్ మార్పు ఆ తర్వాత మాట. ఎందుకంటే దాని మజూరీ పై జవాబులో చెప్పిన దారం పనంతా కలుపుకుని ఉంటుంది.

ప్రశ్న: మా అమ్మాయికి పన్నెండేళ్లు. ఇదే గిటారు కావాలంటోంది. మోయగలదా? – ఒక తల్లి, నెల్లూరు

జవాబు: మెడ వరకైతే ఇబ్బంది లేదమ్మా. దీని తీగ పొడవు 24.7 అంగుళాలు, 25.5 అంగుళాల ఫెండర్ స్ట్రాటోకాస్టర్ గిటారు కన్నా కాస్త పొట్టి. చిన్న వేళ్లకు అది సుఖమే. పెట్టె మాత్రం దాదాపు పదహారు అంగుళాల వెడల్పు, బరువు మూడు కిలోలు దాటుతుంది. కూర్చుని వాయిస్తే కుడిచేయి దానిమీదుగా ఎక్కి దిగాలి. అదే ఆర్ట్‌కోర్‌లో ఏఎం వరుస పెట్టె చిన్నది, లోపల దిమ్మ కూడా ఉంది. కొనేముందు పాపను తీసుకెళ్లి ఒళ్లో పెట్టించి చూడండి.

ప్రశ్న: దీనికి ఏ సంచి కొనాలి? – పాఠకుడు, ఖమ్మం

జవాబు: మామూలు ఎలక్ట్రిక్ గిటారు సంచిలో పట్టదు. అకౌస్టిక్ సంచుల్లో చాలావాటిలో పడుతుంది గానీ లోతు ఎక్కువై లోపల ఊగుతుంది, అడుగున తువ్వాలు మడిచి పెట్టుకోవాలి. ఈఎస్-335 కొలతకు చేసిన సంచి అని అడిగి తీసుకోండి. తలకట్టు వెనక్కి వంగి ఉంటుంది కాబట్టి గిటారు వెల్లకిలా పడితే దెబ్బ మొదట దానికే తగులుతుంది. బస్సు డిక్కీలో వేయకండి. కండక్టర్ విసుక్కున్నా సరే, కాళ్ల మధ్య నిలబెట్టుకుని కూర్చోండి.