టీపాయ్‌ని ముందు బోర్లా వేయించండి

ప్రశ్న: మేస్త్రీ గారూ, మాది ఎంవీపీ కాలనీలో మూడో అంతస్తు ఫ్లాటు. సోఫా ముందు వేసుకోవడానికి పాతకాలం టీపాయ్ కొనాలని ఎప్పటి నుంచో కోరిక. వన్‌టౌన్‌లో ఒకాయన నల్లగా నిగనిగలాడే గుండ్రటి బల్ల చూపించారు. 120 ఏళ్ల నాటి రోజ్‌వుడ్ అట, జమీందారు గారి ఇంటిదట. 40 వేలు చెబుతున్నారు. ఆ డబ్బుకి కొత్త సెట్టే వస్తుందని మావారు. ఇంట్లో రెండేళ్ల బాబు ఉన్నాడు. కొనమంటారా?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: అమ్మా, పాత సామాను అమ్మే ప్రతివారి దగ్గరా ఒక జమీందారు గారు ఉంటారు. కోటలో నుంచి వచ్చాయంటూ కంచరపాలెంలో మా షెడ్డుకి పాలిష్‌కి వచ్చిన కుర్చీలన్నీ నిజంగా అక్కడివే అయితే ఆ కోటలో మనుషులు తిరగడానికి చోటుండేది కాదు. కథ సంగతి వదిలేసి, బల్లని బోర్లా వేయించండి. ఒప్పుకోకపోతే నమస్కారం పెట్టి వచ్చేయండి. పైన మెరుగు ఎవరైనా పెడతారు, అడుగున శ్రమపడేవాళ్లు తక్కువ.

ముందు కాళ్లు చూడండి. సోఫా ముందు ఇంత పొట్టి బల్ల వేసుకోవడం విదేశాల్లో కూడా 1920, 30లలోనే బాగా వాడుకలోకి వచ్చింది. అంతకు ముందు హాలు మధ్యలో వేసుకున్న గుండ్రటి బల్లలు 27 నుంచి 30 అంగుళాల ఎత్తుండేవి. కాబట్టి 120 ఏళ్ల బల్ల 17 అంగుళాలే ఉందంటే కాళ్లు కోసేసి ఉండొచ్చని అనుమానించాలి. తరిణి పట్టిన, అంటే తిప్పుతూ గుండ్రంగా చెక్కిన కాలికి కింద ఒక గుండో, గిన్నెలాంటి అడుగో ఉంటుంది. డిజైను నడుస్తూ నడుస్తూ ఉన్నట్టుండి నేల దగ్గర ఆగిపోతే రంపం పడిందన్నమాట. నిజంగా పాత కాలు అయితే అడుగు అంచులు అరిగి, మట్టి పట్టి, గచ్చు మీద ఈడ్చిన గీతలు ఉంటాయి. కోసిన కాలికి అంచు పదునుగా ఉంటుంది, ఒక్కోసారి కొత్త రంగు పూసి ఉంటుంది. కోసినంత మాత్రాన బల్ల పనికిరాకుండా పోదు. కాకపోతే కోసిన బల్లకి కోసిన ధరే ఇవ్వాలి.

తర్వాత టేపు తీసుకుని గుండ్రటి పలకని రెండు వైపులా కొలవండి. చెక్క పొడవునా పెద్దగా కుంచించుకోదు, అడ్డంగా కుంచించుకుంటుంది. అందుకే ఏళ్లు గడిచిన గుండ్రటి పలక ఒకవైపు కాస్త తగ్గి ఉంటుంది. అన్ని వైపులా ఒకే కొలత వస్తే, ఆ పలక వయసు మీద నాకైతే నమ్మకం కుదరదు. ప్లస్ గుర్తు స్క్రూలు 1930ల తర్వాత వచ్చినవి. అవి కనిపిస్తే తర్వాత రిపేరైనా చేసి ఉండాలి, బల్లే కొత్తదైనా అయి ఉండాలి. ఇక రోజ్‌వుడ్ సంగతి. కనపడని చోట అడుగున చిన్నగా గీకించండి. ఊదా కలిసిన గోధుమ రంగు, నల్లటి చారలు లోపల కూడా ఉండాలి. తెల్లటి చెక్క బయటపడితే నలుపంతా పాలిష్‌దే.

ఊపి చూడండి. కూసాలు, అంటే చెక్కలో చెక్క దూర్చిన అతుకులు కాస్త కదిలితే టెన్షన్ పడక్కర్లేదు, విప్పి మళ్లీ జిగురు పెట్టి బిగించుకోవచ్చు. పురుగు విషయంలో మాత్రం మొహమాటం వద్దు. కింద నల్లగుడ్డ పరిచి, కాళ్ల మీద గట్టిగా తట్టండి. సన్న రంధ్రాల్లోంచి పిండిలాంటి తెల్ల పొడి రాలితే లోపల పురుగు ఇంకా తింటోందనే అనుమానించాలి. అలాంటి బల్లని ఇంట్లోకి తెస్తే మీ మంచాలకీ తలుపులకీ ముప్పే.

మీ ఇంటికి ఏది సరిపోతుందంటే, సోఫా కూర్చునే ఎత్తుకి సమానంగా గానీ, ఒకటి రెండంగుళాలు తక్కువగా గానీ ఉండాలి. పొడవు సోఫాలో మూడింట రెండొంతులు చాలు. మధ్యలో మూరెడు సందు వదలండి. బాబు ఉన్నాడు కాబట్టి మూడు కాళ్ల బల్లలూ, ఊరికే పైన పెట్టి ఉంచిన పాలరాతి పలకలూ వద్దు. పిల్లలు అంచు పట్టుకునే లేస్తారు. పాత పెయింటు వేసినదీ వద్దు. అప్పటి పెయింట్లలో చాలావాటిలో సీసం ఉండేది, ఆ వయసు పిల్లలేమో అంచులు కొరుకుతారు.

నన్నడిగితే ఆ 40 వేల బల్ల వదిలేయండి. 1960, 70లలో మన ఊళ్లో సోఫా సెట్టుతో పాటు చేయించుకున్న టేకు టీపాయ్‌లు వెతకండి. మొదటి నుంచీ పొట్టిగా చేసినవే కాబట్టి కాళ్లు కోసే పని ఉండదు. వాల్తేరు వైపు సొంత ఇళ్లు బిల్డర్లకి ఇచ్చేటప్పుడు ఫ్లాట్లలో పట్టక ఇలాంటివి బయటికి వస్తుంటాయి. చేవ, అంటే మాను లోపలి ముదురు చెక్క ఉన్న టేకుకి చెద అంత తేలిగ్గా పట్టదు. అందులో మాను అంచున ఉండే లేత తెల్లచెక్క కలిసి ఉంటే మాత్రం పడుతుంది, అది చూసుకోండి. మీవారికి ఒక మాట చెప్పండి: కొత్త సెట్లలో చాలావాటికి వాడే ఎండీఎఫ్, అంటే చెక్క పీచుని జిగురుతో ఒత్తి చేసిన పలక, మన సముద్రపు తేమకి ఒక్కసారి ఉబ్బిందంటే ఏ వడ్రంగీ బాగుచేయలేడు.

ప్రశ్న: మా తాతగారి నాటి చిన్న బల్ల మీద తెల్లటి పూలతీగ పొదిగి ఉంది. దంతమే అంటారు ఇంట్లోవాళ్లు. అమెరికాలో ఉన్న అబ్బాయి తన హాల్లో పెట్టుకుంటానంటున్నాడు. వద్దనుకుంటే అమ్మేయొచ్చా?
– పెద వాల్తేరు

జవాబు: మాస్టారూ, నిజంగా దంతమే అయితే రెండూ కుదరవు. 18వ శతాబ్దంలో మన విశాఖ కళాకారులు ఈస్టిండియా కంపెనీ దొరల కోసం చెక్క మీద దంతం పొదిగి, దాని మీద గీసిన గీతల్లో నల్ల లక్క నింపి పెట్టెలూ కుర్చీలూ చేసేవారు. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఆ పనితనం చూడొచ్చు. మీది ఆ కోవదో కాదో బల్ల చూడకుండా చెప్పలేను. భూతద్దంతో చూస్తే సన్నటి నల్ల చుక్కలు కనిపిస్తే అది ఎముక అయ్యుండొచ్చు. దంతమే అయితే వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అమ్మడం నేరం. వారసత్వంగా వచ్చినదానికి కూడా కాగితాలు ఉండాలి, ముందు అటవీ శాఖ వాళ్లని అడగండి. వందేళ్లు దాటిన పురావస్తువు అయితే 1972 నాటి మరో చట్టం ప్రకారం ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు. అబ్బాయిని సెలవుల్లో వచ్చి చూసుకోమనండి.

ప్రశ్న: పాత టేకు టీపాయ్ మీద అద్దం వేయొచ్చా?
– గాజువాక

జవాబు: వేయొచ్చు గానీ నేరుగా పరచకండి. మూలల్లో, మధ్యలో పారదర్శకంగా ఉండే రబ్బరు బిళ్లలు పెట్టండి. లేదంటే వానాకాలంలో తేమ అద్దం కింద చిక్కుకుని లక్క పాలిష్ తెల్లబడుతుంది. వేడి కాఫీ గ్లాసు పెట్టినా అదే మచ్చ పడుతుంది, డవరాలో పెట్టుకుని తాగితే అద్దం అవసరమే రాదు.