వాన, మంచు కలిసి పడే వారం: ఈనబోయే మేకలు, మొగ్గ మీదున్న పీచ్ చెట్లు

ప్రశ్న: సార్, మాది పెన్సిల్వేనియా, లాంకాస్టర్ కౌంటీ. జాబ్ చేసుకుంటూనే డజను మేకలు, ఇరవై పీచ్ చెట్లు పెట్టుకున్నాం. మార్చిలో ఎండలు కాసేసరికి మొగ్గలు అప్పుడే గులాబీ రంగు తిరిగాయి, నాలుగు మేకలు ఇవాళో రేపో ఈనేలా ఉన్నాయి. వచ్చే వారం వాన, మంచు కలిసి పడతాయంటున్నారు, ఎన్ని అంగుళాలో ఒక్కో యాప్ ఒక్కోలా చెప్తోంది. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఆ అంగుళాల గొడవ పక్కన పెట్టేయండి. యాప్‌ల తప్పేం లేదు, ఈ సీజన్లో మేఘంలో పుట్టేది చాలావరకు మంచే, మధ్యలో వెచ్చటి గాలి పొర తగిలితే కరిగి వానైపోద్ది, కింద మళ్ళీ చల్లటి పొర మందంగా ఉంటే గట్టిపడి ఐసు గుళికలు, అంటే స్లీట్ అవుద్ది, పల్చగా ఉంటే వానగానే దిగి కొమ్మ మీద గడ్డకడతది. ఒక్క డిగ్రీ తేడాకి మీ ఇంటి దగ్గర వాన, అవతల గుట్ట మీద మంచు. రెండు వారాల అవుట్‌లుక్ అయితే మామూలు కంటే చలి ఎక్కువుండే ఛాన్స్ ఎంత అన్నంతవరకే, దాంట్లో మీ ఊరి లెక్క వెతక్కండి. మీరు చూడాల్సింది రెండే, వాన పడేప్పుడు గాలి ఎంత, మబ్బు విడిచాక ఆ రాత్రి చలి ఎంతకి దిగుతుంది.

మేకలకి పొడి మంచుతో పెద్ద భయం లేదు. వీపు మీద మంచు కరక్కుండా నిలబడిందంటే ఒంట్లో వేడి బయటికి పోవట్లేదనే లెక్క. 35 డిగ్రీల వాన (నేను చెప్పేవన్నీ ఫారెన్‌హీటే) అలా కాదు, బొచ్చులోంచి చర్మం దాకా దిగుద్ది. ఆవుల సంగతి చూడండి, దట్టమైన చలికాలపు బొచ్చు పొడిగా ఉంటే సుమారు 18 డిగ్రీల దాకా తట్టుకుంటాయి, తడిస్తే మాత్రం 59 దగ్గరే చలి మొదలు. మేకైతే ఇంకా చిన్న ప్రాణి. మీ వైపు ఇలాంటి తుఫానులకి గాలి ఎక్కువగా ఈశాన్యం నుంచి కొడుతుంది, దాటాక వాయవ్యానికి తిరుగుతుంది, కాబట్టి కొట్టం నోరు దక్షిణానికి ఉండాలి. వాస్తు చూసి తూర్పుకి పెట్టుంటే ఈ వారానికి గడ్డి బేళ్ళు అడ్డం పేర్చండి, మేకలేం అనుకోవు. పైన మాత్రం గాలి ఆడేలా వదలండి, అంతా మూసేస్తే ఉచ్చ ఘాటుకి న్యుమోనియా వస్తది. కింద పొడి గడ్డి మందంగా వేయండి, సాయంత్రం ఎండుగడ్డి కాస్త ఎక్కువ పెట్టండి, అది అరిగేప్పుడు పుట్టే వేడే రాత్రికి వాటి కుంపటి.

పిల్ల పడగానే టవల్‌తో ఒళ్ళంతా గట్టిగా తుడవండి, చెవులూ కాళ్ళూ కూడా. నోట్లో వేలు పెట్టి చూడండి, చల్లగా తగిలితే వెంటనే థర్మామీటర్ పెట్టండి. మామూలుగా 102 అటూ ఇటూ ఉంటది, 100 కిందకొస్తే చలి పట్టినట్టే. గంట రెండు గంటల్లోపు ముర్రుపాలు కడుపులో పడాలి, ఏడు పౌండ్ల పిల్లకి మొదటి రోజు మొత్తం మీద 11 ఔన్సులు, కొద్దికొద్దిగా. తల నిలబెట్టలేని పిల్లకి మాత్రం పాలు పట్టకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పుట్టి ఐదు గంటలు దాటి 99 కిందకి పడిపోయిన పిల్లని ఊరికే వేడి చేసినా ప్రమాదమే, గ్లూకోజ్ అయిపోయి ఫిట్స్ వస్తాయి, వెటర్నరీ డాక్టర్‌కి ఫోన్ కొట్టండి. హీట్ ల్యాంప్ పెడితే క్లిప్పుని నమ్మొద్దు, గొలుసుతో కట్టండి, ఎండుగడ్డి మీద పడిందంటే కొట్టమే పోద్ది.

ఇక పీచ్. కొమ్మల మీద తడి మంచు 32 దగ్గరే ఉంటుంది, దానికి మొగ్గ చావదు, కొమ్మ విరగకుండా కింద నుంచి మెల్లగా పైకి తడితే చాలు. ఐసు పట్టుంటే మాత్రం ముట్టుకోకండి. అసలు దెబ్బ ఆ తర్వాత, ఆకాశం తేటపడి గాలి ఆగిన రాత్రి తగుల్తది. గులాబీ మొగ్గకి 25 డిగ్రీల్లో అరగంటకి వందలో పది పోతాయి, 15కి దిగితే తొంభై. పువ్వు పూర్తిగా విచ్చుకుంటే అవే లెక్కలు 27, 24 అయిపోతాయి, అంటే మీరింకా కాస్త నయం స్టేజ్‌లోనే ఉన్నారు. 2007 ఈస్టర్ వారంలో అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో పీచ్ తోటలు పోయింది కూడా ఇలాగే, వెచ్చటి మార్చికి తొందరపడి పూసిన చెట్ల మీద గడ్డకట్టే చలి దిగింది. ఇంకోటి, ఫ్రీజ్ వార్నింగ్ (గడ్డకట్టే చలి హెచ్చరిక) ఆ ఏరియాలో పంటకాలం మొదలైందని లెక్కేసుకున్నాకే ఇస్తారు, అది రాలేదు కదా అని ధీమాగా పడుకోవద్దు. తోటలో అన్నిటికంటే పల్లం ఉన్న చోట థర్మామీటర్ కట్టండి. చిన్న చెట్లయితే నేల తాకేలా దుప్పట్లు కప్పి తెల్లారాక తీసేయండి. చలి నుంచి కాపాడుతుందని స్ప్రింక్లర్ జోలికి పోకండి, మధ్యలో నీళ్ళు ఆగిపోతే ఉన్న చలికి ఇంకో చలి తోడు.

మర్నాడు మధ్యాహ్నం, చెట్టుకి వేడి తగిలాక కొన్ని మొగ్గలు బ్లేడుతో అడ్డంగా కోసి చూడండి. మధ్యలో చుక్క ఆకుపచ్చగా ఉంటే బతికినట్టు, గోధుమరంగో నలుపో తిరిగితే పోయినట్టు. పైనా కిందా అన్ని కొమ్మల్లోంచి వంద కోసి లెక్కేయండి. పది పదిహేను పోతే అసలు పట్టించుకోవద్దు, ఎలాగూ మేలో పిందెలు మీరే పల్చన చేయాలి.