నూనె రాసినా కత్తికి తుప్పు: ముందు ఒరను చూడండి

కార్బన్ స్టీలు కత్తికి నూనె రాసి దాచినా వారానికే తుప్పు పడుతోందంటే, అనుమానించాల్సింది తోలు ఒరను. కళింగపట్నం లాంటి సముద్రతీర ఊళ్లలో ఉప్పుగాలిలోని తేమను అది పీల్చుకుంటుంది. తోలును శుద్ధి చేసిన ఆమ్లాలూ లోహాన్ని తింటాయి.

1. ఎర్ర తుప్పును సన్నని ఉక్కుపీచుతో, రెండు చుక్కల నూనెతో రుద్దండి. నీలి బూడిదరంగు పొర జోలికి పోకండి, అది రక్షణే.

2. తరువాత సబ్బునీళ్లతో కడగండి. అందరూ వదిలేసేది ఇదే! ఉప్పు పోకుండా నూనె పూస్తే దాని కింద తుప్పు నడుస్తూనే ఉంటుంది. పిడి దగ్గరి సందులోకి గుడ్డ కొన దూర్చి తుడవండి, మొదటి మచ్చ అక్కడే వస్తుంది. పూర్తిగా ఆరనివ్వండి.

3. కుట్టుమిషను నూనె పలుచగా రాయండి. కూరలు కోసే కత్తికైతే కొబ్బరినూనె.

4. ఒర ప్రయాణాలకే. ఇంట్లో పొడిగుడ్డలో చుట్టి ఉంచండి.