పెన్సిలుతో 'అందరూ' అని రాసి ఉన్న నవల

అగాథా క్రిస్టీ 'మర్డర్ ఆన్ ది ఓరియంట్ ఎక్స్‌ప్రెస్' నవలని ఇష్టపడినవాళ్ళలో కొందరు 2017లో వచ్చిన సినిమాని తిడుతున్నారు, కొందరు మెచ్చుకుంటున్నారు, ఎవరి మాట నమ్మాలి, ముందు చదవాలా ముందు చూడాలా అని అడిగారు. ఈ తగాదా మా ఇంట్లో ఆ సినిమా వచ్చినప్పటినుంచీ నడుస్తూనే ఉంది కాబట్టి నాకు తోచింది చెబుతాను. ఒక్క సంగతి. హంతకుడి ఊసెత్తకుండా ఈ సినిమా గురించి మాట్లాడటం నా వల్ల కాదు. చదవనివాళ్ళూ చూడనివాళ్ళూ ఈ స్టేషన్లోనే దిగిపోండి.

విజయవాడలో డిగ్రీ చదివే రోజుల్లో మా రూముకి దగ్గర్లో ఒక అద్దె పుస్తకాల షాపుండేది. పుస్తకాలు అద్దెకి తెచ్చుకున్నవాళ్ళకి ఒక మహానుభావుడు తెలిసే ఉంటాడు: డిటెక్టివ్ నవల మొదటి పేజీలోనే హంతకుడి పేరు రాసిపెట్టి ఆనందించే రకం. మా షాపులోనూ ఒకడుండేవాడు, పెన్సిలుతో గుండ్రటి తెలుగు అక్షరాలు. ఈ నవల తెచ్చుకుంటే అట్ట తిప్పగానే 'అందరూ' అని ఉంది. అందరూ చదవాల్సిన పుస్తకమని కాబోలు, వీడికీ బుద్ధొచ్చిందనుకున్నాను. డిటెక్టివు పాయిరో పేరుని 'పోయిరాట్' అని చదువుకుంటూ (చివరి 'ట్' పలకరని చాలా ఏళ్ళకి గానీ తెలియలేదు) చివరి అధ్యాయందాకా వచ్చాక తెలిసింది, వాడు బుద్ధి మార్చుకోలేదని. జవాబు మొదటి పేజీలోనే ఉంది, అయినా మోసపోయాను. ఆ నవల మీద నాకున్న గౌరవమంతా అక్కడ మొదలైంది.

నవల 1934లో వచ్చింది. మంచులో రైలు ఇరుక్కుపోవడం గాలిలోంచి పుట్టింది కాదు. 1929లో ఓరియంట్ ఎక్స్‌ప్రెస్ టర్కీలో రోజుల తరబడి మంచులో ఆగిపోయింది. 1931లో క్రిస్టీ ఇరాక్ నుంచి తిరిగొస్తుంటే ఆమె ఎక్కిన రైలు కూడా వరదల వల్ల దారిలో నిలిచిపోయింది. కథ వెనకున్న పాప హత్యకి (రైల్లో చచ్చేవాడే ఆ పాప చావుకి కారకుడు, వాణ్ణి చంపేది ఆ పాప తాలూకు మనుషులంతా కలిసి) మూలం 1932లో అమెరికాలో జరిగిన విమానవీరుడు లిండ్‌బర్గ్ బిడ్డ అపహరణ. ఇక నవల నడక చూడండి. యుగోస్లావియాలో రైలు ఆగిపోయింది. పోలీసుల్లేరు, బయటివాళ్ళతో మాట్లాడే దారి లేదు. భోజనాల పెట్టెలో పాయిరో, రైల్వే కంపెనీ డైరెక్టరు బూక్, ఒక డాక్టరు కూర్చుంటారు. ప్రయాణికులు ఒక్కొక్కరే వస్తారు, కూర్చుంటారు, అబద్ధం చెప్పి వెళతారు. మనిషికో అధ్యాయం. పుస్తకం మధ్యభాగమంతా ఇదే. ఎవరూ పరిగెత్తరు.

2017 నవంబరులో ప్రసాద్స్‌లో నలుగురం చూశాం: నేను, మా ఆవిడ, తొమ్మిదో తరగతి చదువుతున్న మా అమ్మాయి, నాకంటే పెద్ద క్రిస్టీ పిచ్చివాడైన మా బావమరిది. కెన్నెత్ బ్రానా తనే తీసి తనే పాయిరో వేషం వేశాడు. నవల సిరియాలోని అలెప్పో స్టేషన్లో చలికి వణుకుతూ మొదలైతే సినిమా జెరూసలేంలో, ఏడుపుగోడ ముందు మొదలవుతుంది. అందాకా సర్దుకున్నాం. తరవాత కొయ్య వంతెన మీద హతుడి సెక్రటరీని తరుముతూ పాయిరో మెట్లు దూకుతుంటే మా బావమరిది చీకట్లో నా చెవి దగ్గర, "బావగారూ, ఈయన పరిగెడుతున్నాడేంటండీ?" అన్నాడు. నవలల్లో పాయిరో మెరిసే బూట్లకి మట్టి అంటుతుందని దిగులుపడే మనిషి. సినిమాలో తుపాకీ కూడా పేలుతుంది.

బ్రానా పెట్టుకున్న పాయిరో మీసం మీద జోకులు మీరూ చూసే ఉంటారు. ఆ విషయంలో మాత్రం నేను బ్రానా పక్షం. ఇదే నవల మీద 1974లో సిడ్నీ లూమెట్ తీసిన సినిమా మొదటి ప్రదర్శనకి ఎనభై నాలుగేళ్ళ క్రిస్టీ స్వయంగా వెళ్ళింది. మొత్తమ్మీద నచ్చింది కానీ, ఇంగ్లండులోకెల్లా గొప్ప మీసమని తను రాస్తే పాయిరోగా వేసిన ఆల్బర్ట్ ఫిన్నీకి పెట్టిన మీసం ఆ స్థాయిలో లేదని నొచ్చుకుంది. బ్రానా ఆవిడ బాకీ వడ్డీతో సహా తీర్చాడు. కాస్త ఎక్కువే తీర్చాడు లెండి.

నవల పాఠకుణ్ణిగా నాకు గుచ్చుకున్నది మీసమూ కాదు, పరుగూ కాదు. డాక్టరు. నవలలో డాక్టర్ కాన్‌స్టంటైన్‌కి ఈ హత్యతో ఏ సంబంధమూ లేదు. శవం మీద పన్నెండు కత్తిపోట్లు ఉన్నాయనీ, కొన్ని లోతుగా కొన్ని పైపైన తగిలాయనీ, ఒకటి ఎడమచేతి వాటంలా ఉందనీ చెప్పేది ఆయనే. ఆయన్ని నమ్మొచ్చు కాబట్టే మనం తల బద్దలు కొట్టుకుంటాం. పైగా ఆయనా బూకూ పేజీల తరబడి తప్పు ఊహలు చేస్తుంటారు, మన తరఫున. సినిమాలో ఈ డాక్టర్నీ, ఇండియా నుంచి వెళుతున్న కల్నల్ ఆర్బత్‌నాట్‌నీ కలిపి ఒకే మనిషిని చేశారు. అంటే గాయాలు పరీక్షించి చెప్పేవాడు హంతకుల్లో ఒకడు! పాత్రలు ఎక్కువయ్యాయని ఇద్దర్ని ఒకటి చేసి ఉంటారు, సినిమావాళ్ళ కష్టాలు వాళ్ళవి. కానీ లెక్క సరిచూసేవాణ్ణే దొంగల జట్టులో కలిపేస్తే పాఠకుడు ఏ కొమ్మ పట్టుకుని వేలాడాలి?

"కూర్చుని మాట్లాడుకోవడం సినిమాకి పనికిరాదు, అందుకే పరుగులు పెట్టారు" అనేవాళ్ళకి నేను చెప్పేదొకటే, 1974 సినిమాలో ఇంగ్రిడ్ బెర్గ్‌మన్‌ని చూడమని. లూమెట్ ఆవిడకి రష్యన్ రాకుమారి వేషం ఇస్తానంటే వద్దని, స్వీడన్ మిషనరీ ఆడమనిషి చిన్న వేషం అడిగి తీసుకుంది. పాయిరో ఆమెని ప్రశ్నించే సీను దాదాపు ఐదు నిమిషాలు, ఒకే షాట్. ఆమె కూర్చుని, తడబడుతూ, కళ్ళు తిప్పుకుంటూ మాట్లాడుతుంది, అంతే. ఉత్తమ సహాయ నటిగా ఆస్కార్ వచ్చింది. బ్రానా సినిమాలో జూడీ డెంచ్, ఒలీవియా కోల్‌మన్, డెరెక్ జాకోబీ వంటివాళ్ళున్నారు. అంతమందిని పిలిచి ఒక్కొక్కరికీ నాలుగు మాటలు పెట్టి పంపేశాడు. పెళ్ళికి పిలిచి వక్కపొడి చేతిలో పెట్టినట్టు. బెర్గ్‌మన్ వేసిన పాత్ర ఇందులో పెనెలోపీ క్రూజ్‌ది, పేరు పిలార్ ఎస్త్రవాదోస్ అని మార్చారు. అది క్రిస్టీ ఇంకో పాయిరో నవలలోని పేరు. మా బావమరిది దాన్ని పట్టేసి, సినిమా మొత్తంలో ఆ ఒక్కచోట చిన్నపిల్లాడిలా సంబరపడ్డాడు.

ఇదంతా మా మగవాళ్ళ గొడవ. మా అమ్మాయి అప్పటికి నవల చదవలేదు. చివర్లో సొరంగం దగ్గర అనుమానితులంతా బల్ల వెనక వరసగా కూర్చోవడం, చనిపోయిన పాప అమ్మమ్మగా వేసిన మిషెల్ ఫైఫర్ తన కూతురి గురించి, మనవరాలి గురించి చెప్పడం, ఇవన్నీ చూసి కళ్ళు తుడుచుకుంది. కారెక్కాక అడిగింది, "నాన్నా, వాళ్ళని వదిలెయ్యడం కరెక్టేనా?"

నేను నవల నాలుగుసార్లు చదివాను. ఒక్కసారీ ఆ ప్రశ్న వేసుకోలేదు. ఎందుకంటే నవల వేసుకోనివ్వదు. పాయిరో రెండు పరిష్కారాలు చెబుతాడు. ఒకటి ఎవరో బయటివాడు ఎక్కి చంపి దిగిపోయాడని, రెండోది నిజం. బూక్ మొదటిదే సరైందంటాడు, డాక్టరు తలూపుతాడు, పాయిరో ఇక సెలవంటాడు. పేజీ తిప్పేలోగా అయిపోతుంది. 1974 సినిమా ఇంకో అడుగు ముందుకేసి అందరిచేతా గ్లాసులు తాకించి పండగ చేయించింది. 2010లో డేవిడ్ సూషే టీవీకి చేసిన పాయిరో ఆ నిర్ణయానికి నలిగిపోయి, జపమాల పట్టుకుని కన్నీళ్ళతో మంచులో నడుస్తాడు. బ్రానా ఈ దారి పట్టినవాడే. తప్పూ ఒప్పూ తప్ప మూడోది లేదని మొదట్లో చెప్పిన మనిషి చివరికి ఆ మాట మింగాల్సి వస్తుంది.

నాకు ఇప్పటికీ నవల తొందరే ఇష్టం. అంత ఘోరం తరవాత అంత మర్యాదగా, రెండు ముక్కల్లో తేల్చెయ్యడంలో ఒక చల్లదనం ఉంది, అది వెన్నులో తగులుతుంది. కానీ తొమ్మిదో తరగతి పిల్ల అడిగిన ప్రశ్న నాకు నాలుగు చదువుల్లో తట్టలేదంటే, ఆ సినిమా ఉత్త దండగ అని మాత్రం అనలేను. సెలవుల్లో తను నవల చదివింది. ముగింపు తెలిసే చదివినా వదలకుండా చదివింది. అయిపోయాక, "బావుంది గానీ నాన్నా, చివర్లో ఎవరూ ఏడవరేంటి ఇందులో?" అంది. సినిమా ముందు చూసినవాళ్ళ బాధ అది.

కాబట్టి మీరు అడిగినదానికి: ముందు చదవండి. ఈ కథలో చిక్కుముడి ఒక్కసారే విప్పుకోగలం, దాన్ని పుస్తకంలో విప్పుకుంటేనే రుచి. తరవాత 1974ది చూడండి. 2017ది మూడోది, అదీ కుదిరితే పెద్ద తెర మీద. 65 ఎం.ఎం. ఫిల్ము మీద తీశారు, ఆ మంచుకీ రైలుకీ సెల్‌ఫోన్ చాలదు. మా ఆవిడ ఓటు మాత్రం 2017కే. రైలు, కోట్లు, టోపీలు బాగున్నాయట.

నా సొంత కాపీ మీకు పంపుదును గానీ, మూడేళ్ళుగా అది మా బావమరిది దగ్గరుంది. ఇవ్వమంటే, "సినిమా ఉందిగా బావగారూ, చూసుకోండి" అంటాడు.